స్టార్ నాటకశాలయు వినోదిని ఋణమును

నాటకశాలల చరిత్రమును వ్రాయువారు సామాన్యముగా యజమానుల పేళ్లను, నాటకకర్తల పేళ్లను చెప్పి తృప్తి నొందుదురు. ఆ శాల యెవరి శ్రమచే నిలిచినదో, వారికి ముట్టిన ప్రతిఫల మెట్టిదో విచారించువారు తక్కువ. కలకత్తాలోని స్టార్ నాటకశాల విషయమున నీ విచారణ తప్పించుకొనరానిది.

వంగదేశపు రంగస్థలమున స్త్రీపాత్రములను స్త్రీలచేతనే యాడించు పద్ధతిని 1873లో బెంగాల్ థియేటరువారు స్థిరపఱచిరి. సంసారస్త్రీ లెవ్వరును ముందునకు రానందున వేశ్యాకుటుంబములనుండియే నటీమణులను దెచ్చుకొనవలసి వచ్చెను. నీతిపరులు పలువు రాక్షేపించిరి. వారి యాక్షేపణము నిష్కపటమైనదే కావచ్చును. కాని వారు నటిని దూరము చేసిరే గాని, యామె పుట్టిన దుస్థితిని దూరము చేయలేదు. మన తెలుగు రంగస్థలమున చిరకాలము పురుషులే స్త్రీవేషములు ధరించుటకును నిట్టి భయమే కొంత కారణము. స్థానం నరసింహారావుగారి కళ యెంత మెచ్చదగినదైనను, ఆ పద్ధతిని మెచ్చవలసిన పనిలేదు.

వినోదిని దాసి 1863లో జన్మించి, 1874లో బాల్యముననే రంగ మెక్కినది. 1883లో గిరీశచంద్ర ఘోషును సహచరులును సొంత నాటకశాలకై ప్రయత్నించుచుండగా, గుర్ముఖరాయ్ అను ధనిక యువకుడు ధనమిచ్చుట కంగీకరించెను. వినోదిని తన యధీనమున నుండవలెనని యతని నియమము. నాటకశాల సంగతి మానుకొన్నచో నేబదివేల రూపాయలిత్తునని యతడనగా తాను నిరాకరించితినని, 1912లో వెలువడిన స్వీయచరిత్రమున నామె వ్రాసికొన్నది. బీడన్ వీథిలో శాల కట్టుచుండగా గంపలతో మన్ను మోసితి ననియు, దానికి తన పేరు పెట్టుదుమని తోడివారు మాట యిచ్చి రనియు నందే కలదు. తీరా నమోదైన పేరు "స్టార్". కొలదికాలమునకు గుర్ముఖరాయ్ తొలగిపోగా శాల నలుగురు పురుషుల పాలయ్యెను. వినోదినికి భాగము లేకపోయెను.

ఇక ప్రదర్శనములమాట. దక్షయజ్ఞముతో తెర లేచినది. 1884లో గిరీశుని "చైతన్యలీల" కు అసాధారణమైన జనాదరణము లభించెను. చైతన్యుని పాత్రము వినోదినిదే. ఆ యేట సెప్టెంబరు 21వ తేదీన రామకృష్ణ పరమహంస వచ్చి నాటకమును జూచి యామె నాశీర్వదించెను. శాలకు పేరుగా పనికిరాని స్త్రీ, వేదికమీద మహాభక్తుడుగా పనికివచ్చినది! ఆ కాలముననే అమృతలాల్ బోసుగారి "వివాహవిభ్రాట్" ప్రహసనమును ఆడిరి. వరకట్నపు దురాశను పరిహసించుట మేలే. విద్యావతియైన స్త్రీని గూడ నదే కొరడాతో గొట్టుట మేలుకాదు. ఆ విద్యావతి వేషమును వినోదినిచేతనే కట్టించిరి. తరువాతి కాలమున నామె తన కూతును బడిలో వేయబూనగా, పుట్టుకను జూచి చేర్చుకొనరైరి. చదివిన స్త్రీని జూచి నవ్విన సభయు, చదువగోరిన బాలికకు తలుపు మూసిన సంఘమును వేఱుకావు.

1887 ప్రారంభమునకే, ఇరువదిమూడేండ్ల ప్రాయముననే, వినోదిని రంగమును విడిచినది, 1941లో మరణించినది. 1888లో నాటకసంఘమువారు కారన్‌వాలిస్ వీథిలో క్రొత్త శాల కట్టి పాతపేరే యుంచిరి. అది 1991లో అగ్నికి ఆహుతికాగా, నగరపాలక సంస్థ తిరిగి కట్టించి 2004లో తెఱచెను. 2024 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము దానికి వినోదిని పేరు పెట్టుచున్నట్లు ప్రకటించెను. మాట చెల్లుటకు నూటనలువది యేండ్లు దాటినవి.

ఈ భవనమున వినోదిని యొక్కనాడును ఆడలేదు. ఆమె మన్ను మోసిన బీడన్ వీథి శాల, క్రొత్తబాట వేయుటకై యేనాడో కూల్చబడినది. అయినను ఈ నామకరణమును వ్యర్థమనరాదు, ఆ త్రోవను బోవు బాలిక "ఈ వినోదిని యెవరు?" అని తల్లి నడుగును. తల్లి చైతన్యలీలను మాత్రమే చెప్పి యూరకుండక, గంపను, తప్పిన మాటను, మూసిన బడితలుపును గూడ చెప్పవలెను. పేరు పలకమీద నెక్కినది. నటించిన స్త్రీకి లాభమున భాగమును, ఆమె బిడ్డకు బడిలో చోటును ఇచ్చుట సంఘము చేయవలసిన పని; పలక వ్రాయించినంతమాత్రమున నది తీరదు.