ఈ లైను ఎవరిది?
పాత కోడ్‌లో అర్థంకాని లైను తగిలితే చెయ్యి ముందు, కోడ్ మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్‌లోని బ్లేమ్ కమాండ్ మీదికే పోతుంది. ప్రతి లైను పక్కనా కమిట్ (నమోదైన మార్పు) నంబరు, రాసినవారి పేరు, తేదీ వచ్చి కూర్చుంటాయి. ఇవన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయనుకుంటాం గానీ, గిట్ అలా దాచదు. అడిగినప్పుడే చరిత్రలో వెనక్కి నడుస్తుంది. ముందటి కమిట్‌లోనూ ఈ లైను ఇలాగే ఉందా? ఉంటే ఇంకా వెనక్కి. లేదంటే అక్కడే ఆగి, ఆ లైను తెచ్చినవారి పేరు చెబుతుంది.

ఎవరో ట్యాబులన్నీ స్పేసులుగా మార్చి ఫైలంతా తన పేరు మీదికి తెచ్చుకున్నారనుకోండి (ప్రతి టీములో ఒకరుంటారు), బ్లేమ్‌కు ఇచ్చే డబ్ల్యూ (-w) ఆప్షన్ ఆ మార్పును దాటేసి అసలు మనిషిని చూపిస్తుంది.

లినక్స్ కెర్నల్‌లో బాగా పాత ఫైలు ఒకటి బ్లేమ్‌లో తెరవండి. ఎన్నో లైన్ల పక్కన లైనస్ టోర్వాల్డ్స్, 2005 ఏప్రిల్ 16 అని కనిపిస్తుంది. అవన్నీ ఆయన రాసినవి కావు. కెర్నల్ గిట్‌లోకి చేరిన మొదటి కమిట్ అది, అంతకుముందు చరిత్ర అందులోకి రాలేదు. ఆ కమిట్ నంబరు ముందు గిట్ చిన్న టోపీ గుర్తు పెడుతుంది, ఇక వెనక్కి దారి లేదని. తెలియనిచోట తెలిసినట్టు నటించని ఆ పద్ధతి నాకు మహా ఇష్టం.

పేరు దొరికాక కమిట్ మెసేజ్ చదవాలి. అక్కడ ‘ఫిక్స్’ అని ఒక్క ముక్కే ఉంటే, పాపం, గిట్ మాత్రం ఏం చేస్తుంది!