గిరీశం మాటలూ, యంత్రం లెక్కలూ

కావ్యంలో పాత్ర స్వభావాన్ని నిర్ణయించడం ఇంతకాలం విమర్శకుని పనిగానే ఉండేది. ఇప్పుడు కంప్యూటరు కూడ ఆ పనికి పూనుకొన్నది. పాత్ర పలికిన మాటలన్నీ పోగుచేసి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కకట్టి, దానినిబట్టి ఇతడు కలుపుగోలు మనిషి, ఈమె జంకు గలది అని తేల్చడం ఈ పద్ధతి.

దీనిని చులకన చేయరాదు. మనుషుల గుణాలకు భాషలోనే పేర్లు నిలిచి ఉంటాయన్న తలపుతో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ 1936లో ఇంగ్లీషు నిఘంటువునుంచి సుమారు 18,000 మాటలు ఏరారు. 1987లో జాన్ బరోస్ జేన్ ఆస్టెన్ నవలలను కంప్యూటరుతో పరిశీలించి, మనం లక్ష్యపెట్టని సర్వనామాల వంటి చిన్నమాటల పాళ్లే ఒక పాత్ర పలుకును మరొకదానినుంచి వేరు చేస్తున్నవని చూపాడు. చెవికి అందని భేదాన్ని లెక్క పట్టి ఇచ్చింది. విమర్శకు ఇది లాభమే.

అయితే తెలుగులో 'వచ్చాను' అంటే చాలు, 'నేను' అననక్కరలేదు. క్రియాపదాన్ని విడదీయలేని యంత్రానికి తెలుగువాని 'నేను' సగం కనబడదు. పోనీ, ఇంగ్లీషులోకి అనువదించి లెక్కిద్దామంటే నష్టం ఇంకా పెద్దది. ఇక్కడ హుగ్లీ ఒడ్డున, బడ్జ్ బడ్జ్‌లో, ఒకరినొకరు 'తుయి' అంటున్నారా, 'తుమి' అంటున్నారా, 'ఆప్‌ని' అంటున్నారా అన్నది వింటే వారి చనువెంతో, దూరమెంతో తెలిసిపోతుంది. మన 'నువ్వు', 'మీరు' కూడ అటువంటివే. ఇవన్నీ ఇంగ్లీషులో ఒక్క 'యూ'లో కలిసిపోతాయి.

అంతకు మించిన చిక్కును గురజాడవారి 'కన్యాశుల్కం' మన ముందుంచుతుంది. గిరీశం వెంకటేశంతో ఇంగ్లీషు కలిపి గొప్పలు పోతాడు. అగ్నిహోత్రావధానుల దగ్గర ఆయనకు నచ్చేటట్లు మాట్లాడతాడు. బుచ్చమ్మ దగ్గర అతని గొంతే వేరు. ఈ మాటలన్నిటినీ ఒక్క రాశి పోసి సగటు తీస్తే తేలే గిరీశం నాటకంలో ఎక్కడా లేడు. వినేవారినిబట్టి మాట మారే తీరే అతని స్వభావం. మధురవాణి కూడ మగవేషంలో సౌజన్యారావు ఎదుట గొంతు మార్చినదే. కాని అతని మార్పు స్వలాభానికి. ఆమెది లుబ్ధావధాన్లను కేసునుంచి తప్పించడానికి. ఈ తేడా తెలియాలంటే కథంతా చదవాలి.

కనుక లెక్కించేవారు వక్తతోపాటు శ్రోతనుకూడ గుర్తించి, ఎవరితో ఏ మాట అన్నాడో విడివిడిగా లెక్కించాలి. 1897 నాటి కూర్పునూ, పెంచి తిరగరాసిన 1909 కూర్పునూ అట్లా పక్కపక్కన పెడితే, గురజాడ ఎవరి గొంతును ఎంత మార్చాడో తేలుతుంది. అందుకు తప్పులులేని మూలపాఠం సిద్ధం చేయవలసినది తెలుగువారే. మనం చేయకపోతే మన పాత్రలను ఇతరభాషల తూనికరాళ్లతోనే తూస్తారు. ఆ తూకాన్ని తప్పుపట్టేందుకు మన చేతిలో ఏమీ ఉండదు.