సిద్ధాంత గ్రంథము ఎవరి సొత్తు?

మన విశ్వవిద్యాలయములలో ఏటేట వేలకొలది విద్యార్థులు డాక్టరేటు పట్టమునకై సిద్ధాంత గ్రంథములు సమర్పించుచున్నారు. ఏండ్ల తరబడి శ్రమించి వ్రాసిన ఆ గ్రంథము పరీక్షకుల చేతులు దాటిన పిమ్మట దాని గతి ఏమగునని విచారించువారు తక్కువ. గ్రంథాలయమున ఒక ప్రతి, మార్గదర్శకుని బీరువాలో ఒక ప్రతి, రచయిత ఇంట ఒక ప్రతి ఉండును. ఇంతటితో దాని కథ ముగిసినదని అందరును తలంతురు. కాని ఆ గ్రంథమునకే రంగుల అట్ట వేసి, పదుల యూరోల వెల కట్టి, దేశదేశములందు అమ్మజూపు వర్తకులు కలరు. వ్రాసినవారికి అందులో దక్కునది తరచు ఏమియు ఉండదు. ఈ వర్తకము చట్టమునకు విరుద్ధమా? విరుద్ధము కానిచో మంచిదేనా? ఈ రెండును వేరు వేరు ప్రశ్నలు. వీనిని కలిపివేయుట చేతనే ఈ విషయమున ఇంత గందరగోళము ఏర్పడినది.

మొదట చట్టమును చూతము. మన కాపీరైటు చట్టము 1957లో చేయబడి, 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము రచనకు మొదటి హక్కుదారు రచయితయే. ఉద్యోగ ధర్మముగా వ్రాసిన రచనలు మొదలగు కొన్ని మినహాయింపులు ఉన్నవి. కొన్ని విశ్వవిద్యాలయములు ఈ విషయమున తమ సొంత నియమములను పెట్టుకొన్నవి గనుక వానిని కూడ చదువవలెను. హక్కు కలుగుటకు రిజిస్ట్రేషను అక్కరలేదు. రచయిత జీవితకాలమును, ఆ తరువాత 60 సంవత్సరములును ఈ హక్కు నిలుచును.

ఇచట విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గుర్తించవలసిన భేదము ఒకటి ఉన్నది. చట్టము కాపాడునది వాక్యములను, పటములను, కూర్పును మాత్రమే. అందలి సత్యములను కాదు. మేడం క్యూరీ 1903లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథము రేడియో ధార్మిక పదార్థములను గురించినది. రేడియమునకు ఆ గుణము కలదను సంగతి ఆనాడే లోకమునకంతకు చెందినది. ఆమె వ్రాసిన పుటలు మాత్రము ఆమెవి. లూయీ ద బ్రోయ్ 1924లో తన సిద్ధాంత గ్రంథమున ప్రతిపాదించిన పదార్థ తరంగములకును ఇదే సూత్రము వర్తించును. కావున ఒకరి పరిశోధన ఫలితమును పేరు చెప్పి వాడుకొనుట దొంగతనము కాదు. ఆ పుటలను యథాతథముగా అచ్చువేసి అమ్ముకొనుట వేరు సంగతి.

సిద్ధాంత గ్రంథముల వర్తకము దురుద్దేశముతో పుట్టినది కాదు. 1938లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ నగరమున యూజీన్ పవర్ అను ఆయన యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ అను సంస్థను స్థాపించెను. ఆయన ఊహ చాల తేలికైనది, చాల తెలివైనది. అచ్చుయంత్రముపై ఒక పుస్తకము వేయవలెనన్న వందల ప్రతులు వేసినగాని గిట్టదు. సిద్ధాంత గ్రంథమును కొనువారు ప్రపంచమంతటను పదిమంది కూడ ఉండకపోవచ్చును. అట్టిదానిని ఒక్కమారు సన్నని ఫిల్ముపై ఫోటో తీసి భద్రపరచి, అడిగినవారికి అడిగినప్పుడు ఒక్కొక్క ప్రతి తీసి ఇచ్చినచో నష్టము ఉండదు. ఆ సంస్థను 1962లో జిరాక్స్ కంపెనీ కొనెను. ఫిల్మునుండి కాగితముపై ప్రతి తీయుట సులభమైనది. పలు చేతులు మారిన పిమ్మట అదియే ప్రోక్వెస్ట్ అను పేరుతో నడిచినది. 2021లో క్లారివేట్ అను సంస్థ దానిని కొన్నది. ఇంటర్నెట్టు లేని కాలమున హైదరాబాదులోని పరిశోధకుడు షికాగోలో వ్రాసిన సిద్ధాంత గ్రంథమును చదువవలెనన్న ఇంతకంటె మంచి మార్గము లేదు. ఈ మేలును మరచి, వెల పుచ్చుకొన్నారు గనుక దోపిడీ అనుట పొరపాటు.

మరి తగవు ఎక్కడ వచ్చినది? 2000లో స్టీవెన్ బ్రిల్ అను పత్రికారచయిత కంటెంట్‌విల్ అను ఇంటర్నెట్టు అంగడి తెరచెను. వ్యాసములు, ప్రసంగములు మొదలగువానితోపాటు ఆన్ ఆర్బర్ భాండాగారమునుండి వచ్చిన సిద్ధాంత గ్రంథములును అందు అమ్మకమునకు పెట్టబడినవి. తమ పేరులు అచట చూచి పలువురు యువ విద్వాంసులు నివ్వెరపోయిరి. తాము ఒప్పుకొన్నది గ్రంథాలయములకును, తోటి పరిశోధకులకును ప్రతులు చేరవలెనని మాత్రమే గాని, బజారులో సరకుగా పెట్టుటకు కాదని వారి వాదము. సంతకము చేసిన కాగితములో పంపిణీకి అనుమతి ఉన్నదని వర్తకుల వాదము. కాగితము చదివినచో వర్తకుల మాటయే చాలవరకు నెగ్గును. అంగడి 2001లో మూతపడినది. పట్టము రావలెనన్న ఆత్రుతలో, కార్యాలయపు బల్లవద్ద నిలుచుండి చేసిన సంతకము నిజమైన సమ్మతియేనా అను ప్రశ్న మాత్రము అంగడితోపాటు మూతపడలేదు. రచయితకు రాయల్టీ కూడ ఇత్తురు. మొత్తము ఒక కనీస సంఖ్యకు చేరినగాని అది చేతికి రాదు. అటుపైన చిరునామా మారినప్పుడెల్ల వారికి తెలుపుచుండవలెను!

మన దేశమున వ్యవహారము వేరు తోవ పట్టినది. జర్మనీలో వి.డి.ఎం. సంస్థలో భాగముగా పుట్టిన లాంబర్ట్ అకడమిక్ పబ్లిషింగ్ వారు కొత్తగా పట్టము పొందినవారికి తామే ఉత్తరములు వ్రాసి, మీ గ్రంథమును ఉచితముగా ప్రచురింతుము అందురు. ఆ మాట అబద్ధము కాదు. అడిగినప్పుడు ఒక్కొక్క ప్రతి తీయు పద్ధతి గనుక వారికి పెట్టుబడి దాదాపు లేదు. కాని ప్రచురణకర్త చేయవలసిన పనియు లేదు. ఇతర విద్వాంసులచే పరీక్ష చేయింపరు. భాష దిద్దరు. రచయిత పంపినది పంపినట్లు అచ్చగును. వెల మాత్రము మన ఉపాధ్యాయుడు కొనలేని వెల. ఇందులో మోసము లేదు, ఒప్పందము ఉన్నది. అయినను దీనిని ప్రచురణ అని పిలుచుటకు నాకు మనసొప్పదు.

నష్టము ఎవరికి? ఒక ఉదాహరణము ఊహించుకొందము. మల్కాజ్‌గిరిలో నివసించు ఒక ఉపాధ్యాయిని తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోయివచ్చుచు సఫిల్‌గూడ చెరువు నీటిని నాలుగేండ్లపాటు నెలనెల పరీక్షించినదనుకొనుడు. నీటిలో కరగియున్న ఆక్సిజను ఎంత, నైట్రేటులు ఎన్ని, వానకాలమున మురుగు ఏ దిక్కునుండి చేరుచున్నది అని ఆమె పట్టికలు కట్టినది. మల్కాజ్‌గిరి 2007 వరకు ప్రత్యేక మునిసిపాలిటీ. ఆ తరువాత మహానగరములో కలిసినది. ఇండ్లు పెరిగినకొలది చెరువు ఎట్లు మారినదో తెలుపు లెక్కలు ఇట్టి గ్రంథములలో తప్ప మరెచటను దొరకకపోవచ్చును. ఆమె సంపూర్ణ హక్కులను విదేశపు సంస్థకు వ్రాసియిచ్చినచో చెరువు గట్టున నివసించువారు ఆ గ్రంథమును యూరోలిచ్చి కొనవలెను. తన గ్రంథములోని అధ్యాయమును తెలుగులోనికి మార్చి పాఠశాల పిల్లలకు పంచుటకు కూడ ఆమె ఆ సంస్థను అడుగవలసి వచ్చును. డబ్బు పోవుటకంటె ఇది పెద్ద నష్టము.

ఇట్టి గ్రంథమునకు మన దేశములో తగిన చోటు ఉన్నది. విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషను 2009లో చేసిన నియమములు మొదలుకొని డాక్టరేటు గ్రంథముల ప్రతులను ఎలక్ట్రానిక్ రూపమున సమర్పించవలెను. వానిని గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము శోధ్‌గంగ అను భాండాగారమున ఉంచుచున్నది. లక్షలకొలది గ్రంథములను ఎవరైనను వెల లేక చదువవచ్చును. రచయిత పేరు చెప్పవలెను, వ్యాపారమునకు వాడరాదు అనునవి అచటి షరతులు. ప్రజాధనముతో జరిగిన పరిశోధన ప్రజలకు చేరుటకు ఇది సరియైన మార్గము.

లోపములు లేవని కాదు. ఒక్కొక్క అధ్యాయము ఒక్కొక్క ముక్కగా ఉండుటచే పుస్తకము చదివినట్లుండదు. తెలుగు గ్రంథముల గతి మరింత అన్యాయము. కొన్ని పుటలు కేవలము ఫోటోలు. మరికొన్ని పాత తరహా ఫాంటులతో కూర్చబడినవి. కంటికి తెలుగు వలె కనబడును గాని యంత్రమునకు అవి అర్థము లేని గుర్తులు. అందుచేత “జానపదము” అని వెదకినను ఆ పుటలు దొరకవు. దొరకని గ్రంథము ఉచితమైనను అంగడిలోని గ్రంథము వలెనే దూరము. యూనికోడు లిపిలో సమర్పించవలెనని ప్రతి తెలుగు శాఖయు పట్టుపట్టినచో ఈ చిక్కు తీరిపోవును. ఖర్చు కూడ లేదు.

విద్యార్థులకు ఇంకొక కథ నచ్చవచ్చును. విద్యార్థుల వ్యాసములలో కాపీని పట్టుటకు టర్నిటిన్ అను యంత్రాంగము ఉన్నది. వచ్చిన ప్రతి వ్యాసమును అది దాచుకొని, తరువాత వచ్చువానితో పోల్చును. మా రాతలను దాచుకొని మీరు లాభము గడించుటేమని అమెరికాలో నలుగురు ఉన్నత పాఠశాల విద్యార్థులు వ్యాజ్యము వేసిరి. 2009లో అప్పీలు న్యాయస్థానము ఆ వాడుక న్యాయమైనదేనని తీర్పు చెప్పెను. వ్యాసములను చదువుటకు అమ్ముట లేదు, పోల్చుటకు మాత్రమే వాడుచున్నారు అనునది తీర్పులోని ముఖ్యాంశము. పిల్లలు ఓడిపోయిరి. అయినను పాఠశాల వ్యాసమునకు కూడ హక్కుదారు ఉండునని ఆ వ్యాజ్యము వలన అందరికి తెలిసినది.

మన న్యాయస్థానములును బోధన పక్షమున ఉదారముగానే ఉన్నవి. ఢిల్లీ విశ్వవిద్యాలయములోని ఫోటోకాపీ దుకాణముపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి మొదలగు ప్రచురణకర్తలు వేసిన దావాలో, బోధనకు అవసరమైన ప్రతులు తీయుటను 2016లో ఢిల్లీ హైకోర్టు సమర్థించినది. దీనిని చూపి, ఇతరుల సిద్ధాంత గ్రంథమును కట్టలుగా తీసి “తయారు ప్రాజెక్టు” అని అమ్ముటయు బోధనయే అనువారు ఉన్నచో వారు తీర్పును చదువలేదనవలెను.

గ్రంథము అమ్ముటయే తప్పని ఎవరును అనలేరు. ఉస్మానియాలో సి. నారాయణరెడ్డిగారు ఆధునికాంధ్ర కవిత్వముపై సమర్పించిన సిద్ధాంత గ్రంథమును తరువాత పుస్తకముగా ప్రచురించిరి. దానిని చదివిన తరములు ఎన్నో. భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున తెలుగు ధాతువులపై చేసిన పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా పుస్తకమై వెలువడినది. ఇవియు వెల కట్టిన పుస్తకములే. ఇట్టి ప్రచురణలో రచయిత తన గ్రంథమును పాఠకునికై తిరిగి చూచుకొనును, ప్రచురణకర్త తన పేరును పణముగా ఒడ్డును.

సంతకము చేయబోవువారు చూడవలసినవి కొన్ని కలవు. మన చట్టము ప్రకారము హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా ఉండవలెను. అందు కాలము చెప్పనిచో ఐదేండ్లనియు, ప్రాంతము చెప్పనిచో భారతదేశమనియు ఎంచవలెను. ఒప్పందములో “శాశ్వతముగా”, “ప్రపంచమంతట” అను మాటలు ఎందుకు ఉండునో దీనినిబట్టి తెలియగలదు. హక్కులన్నియు ఇచ్చివేసినను, తన రచన తనదేనని చెప్పుకొను హక్కును, దానిని పాడుచేసినచో అడ్డుపడు హక్కును 57వ సెక్షను రచయిత వద్దనే ఉంచినది.

ఇక 2009కి పూర్వము టైపు చేసి అట్ట కట్టిన గ్రంథముల సంగతి మిగిలినది. వాని రచయితలలో పలువురు ఇప్పుడు లేరు. 2017లో మరణించిన రచయిత హక్కు 2077 చివరివరకు వారసులకు చెందును. విశ్వవిద్యాలయములు ఇప్పుడే ఆ కుటుంబములకు ఉత్తరములు వ్రాసి అనుమతి పొందినచో, కాగితము పొడి కాకముందే ఆ పుటలను స్కాను చేసి అందరికి అందించవచ్చును.