భాగములుగా వచ్చు వీడియో ఆటలు: కొనువాని పక్షమున ఒక విమర్శ

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యీయవలసినదని సంఘ కార్యదర్శిగారు అడుగగా, మాకు మొదట తోచిన విషయములు మూడు: వేలూరు కోట, పాలారు, గుడియాత్తపు గంగమ్మ సిరసు పండుగ. వీనిని గూర్చి మాకంటె చదువుకొన్న పెద్దలు ఇదివరకే వ్రాసియున్నారు. మేము మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియేడు సంవత్సరములు గుమాస్తా పని చేసి విరమించినవారము. కావున మాకు స్వయముగా అనుభవమైన విషయమునే విమర్శకు తీసికొంటిమి. అది భాగములు భాగములుగా వెలువడు వీడియో ఆటలను కొనుట. అరువది యేండ్లు దాటినవానికి ఆటలతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. నవ్విన పిదప తక్కినది కూడ చదువ ప్రార్థన.

ముందు విషయము తెలియనివారికై రెండు మాటలు. వీడియో ఆటలలో కొన్ని కేవలము గురిపెట్టి కొట్టు ఆటలు; కొన్ని కథ గలవి. కథ గల ఆటలో ఆడువాడే పాత్రధారి. ఎవరితో నేమి పలుకవలెనో, ఏ దారిన పోవలెనో వాడే నిర్ణయించును. ఇట్టి ఆటను కొందరు నిర్మాతలు ఒక్కసారిగా అమ్మక, నాలుగైదు భాగములుగా ఖండించి, నెలకో రెండు నెలలకో ఒకటి చొప్పున విడుదల చేయుదురు. కొనుటకు రెండు మార్గములు కలవు. వచ్చిన భాగమును వచ్చినట్లు విడిగా కొనవచ్చును. లేదా రానున్న భాగములన్నిటికిని మొదటనే సొమ్ము చెల్లింపవచ్చును. ఈ రెండవ పద్ధతికి సీజన్ పాస్ అని పేరు. కొంచెము తక్కువ ధర పడును గనుక పిల్లలు దానినే కోరుదురు.

రెండేండ్ల క్రిందట, వేలూరులో కళాశాలలో చదువుచున్న మా దౌహిత్రుడు ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి, ఆట కొనుటకు పన్నెండు వందల రూపాయలు కావలెననెను.

“ఆట పూర్తిగా వచ్చిందా?” అని యడిగితిమి.

“రెండు భాగాలు వచ్చినాయి తాతా. ఇంకా రెండు రావల్ల.”

“రానిదానికి ఇప్పుడే దుడ్డు ఎందుకురా?”

“అన్నిటికీ కలిపి కడితే తక్కువ పడతాది తాతా.”

ఇచ్చితిమి. వాడు రెండు భాగములను వారము దినములలో ముగించెను. మూడవది రాలేదు. త్వరలో వచ్చునని నిర్మాతలు రెండుమారులు ప్రకటించిరి. తరువాత ప్రకటనయు లేదు. మేము సొమ్ము పోయినందుకు నొచ్చుకొనగా వాడు చెప్పిన మాట మాకు ఆశ్చర్యము కలిగించెను. “దుడ్డు పోతే పోనీ తాతా. ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో తెలియకుండా పాయ, అదే నాకు బాధ” అనెను. కథలోని బాలిక యొకతె నది దాటుచుండగా రెండవ భాగము ముగిసెనట. నాటి నుండి ఈ విషయము మా మనస్సును విడువలేదు. కథలో కొంత భాగమును కొన్నవానికి తక్కిన దానిపై ఎట్టి హక్కు కలదు? అమ్మినవాడు అతనికి ఏమి బాకీ?

భాగములుగా కథను అనుభవించుట మనకు క్రొత్త గాదు. మా బాల్యమున గుడియాత్తము బజారులో నెలనెలయు చందమామ కొరకు కాచుకొని యుండెడివారము. ఆ పత్రిక 1947 జులైలో మద్రాసున తెలుగు తమిళములలో ప్రారంభమైనది. మేము తెలుగున చదివిన ధారావాహికనే ఎదురింటి తమిళ బాలుడు అంబులిమామలో చదివెడివాడు. వీధి అరుగుపై కూర్చుండి, రాబోవు నెలలో ఏమగునో ఇరువురమును రెండు భాషలు కలిపి వాదులాడుకొనెడివారము. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు, వానికి చిత్రాగారి బొమ్మలు మా తరము వారెవరును మరువలేరు. ప్రతి నెలయు కథానాయకుని ఏదో యొక ఆపదలో నిలిపి, తరువాయి వచ్చే నెల యనెడివారు.

కాని అందొక ధర్మముండెను. మేము ఏ నెల సంచికకు ఆ నెలనే పైకము చెల్లించితిమి. ఆ సంచికలో ధారావాహిక యొక్కటే గాక, బేతాళ కథ వంటి పూర్తి కథలు పెక్కు ఉండెడివి. బేతాళ కథనే చూడుడు. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని నడచుట ఎన్ని యేండ్లకును ముగియదు. అయినను ప్రతి నెలయు బేతాళుడు చెప్పిన కథ ఆ నెలకు ముగియును, ప్రశ్నకు జవాబు వచ్చును. పెద్ద కథ నిలిచిపోయినను చిన్న కథ మన చేతిలో మిగులును. చందమామ 2013 ప్రాంతమున ఆగిపోయినది. బేతాళుడు చెట్టుపైననే మిగిలెను. అయినను మేము మోసపోతిమని ఎన్నడును అనుకొనలేదు.

మన ఆర్కాటు సీమలో ద్రౌపదమ్మ గుళ్ళయొద్ద జరుగు భారతోత్సవము దీనికంటెను గొప్ప ఉదాహరణము. పగలు భారత ప్రసంగము, రాత్రి తెరుక్కూత్తు. ఒక రాత్రి ద్రౌపదీ కల్యాణము, ఒక రాత్రి వస్త్రాపహరణము, ఒక రాత్రి అర్జునుని తపస్సు. తపస్సు నాడు వేషధారి తాటిమానంత స్తంభము నెక్కుచుండగా జనము ఊపిరి బిగబట్టి చూతురు. కడపట నేలపై మట్టితో పరుండబెట్టిన దుర్యోధనుని ఆకృతి యొద్ద యుద్ధము ముగియును; ద్రౌపది కురులు ముడుచును; సాయంకాలము నిప్పులు తొక్కుదురు. ఏ రాత్రికా రాత్రి నాటకము సంపూర్ణము. నడుమ ఒక్క రాత్రి మాత్రము చూచి పొరుగూరికి వెడలినవాడును రిక్తహస్తములతో పోడు.

ఈ కొలతతో మేము ఆటలను పరీక్షింప దలచితిమి. మా మనుమడు, మమ్ము ఊరడించుటకో తన్ను తాను ఊరడించుకొనుటకో, పూర్తియైన ఆట యొకటి చూపెదనని ఐదు ఆదివారములు మా యింట కూర్చుండెను. అది అమెరికాలోని టెల్‌టేల్ గేమ్స్ అను సంస్థ 2012లో ఏప్రిల్ మొదలు నవంబరు వరకు ఐదు భాగములుగా వెలువరించిన ‘ది వాకింగ్ డెడ్’. ఒక్కొక్క భాగము వెల ఐదు డాలర్లు. తెరపై ఆంగ్లమున వచ్చు మాటలను వాడు మన యింటి తెలుగులో మాకు చెప్పుచుండెను.

చచ్చినవారు లేచి మనుష్యులను తిను లోకము. ఈ భాగము మాకు రుచింపలేదు. రక్తపాతము మితిమీరినది, పిల్లలకు తగదు. కాని కథాసారము వేరు. లీ అనువాడు హత్యకు శిక్షపడిన ఖైదీ. తల్లిదండ్రులు దగ్గర లేని క్లెమెంటైన్ అను ఎనిమిదేండ్ల బాలిక వాని రక్షణలో పడును. ఆడువాడు పలుకు ప్రతి పలుకును ఆ బాలిక వినుచుండును. అబద్ధమాడవలెనా, దొంగిలింపవలెనా, పగతీర్చుకొనవలెనా యన్న ప్రతి సందర్భమునను, బిడ్డ చూచుచున్నదను జంకు ఆడువానిని వెంటాడును. భాగము ముగిసినప్పుడు ఆడినవారిలో నూటికి ఎందరు ఏ దారి ఎన్నుకొనిరో చూపుదురు. వాడు మా వంక తిరిగి, “నువ్వయితే ఏం చేస్తావు తాతా?” అని యడిగినప్పుడు మేము పలుమారులు జవాబు చెప్పలేకపోతిమి.

గుణము చెప్పితిమి, దోషమును చెప్పవలెను. మొదటి భాగమున ఇద్దరు ఆపదలో నుందురు, ఒకరినే రక్షింపవచ్చును. ఎంతయో ఆలోచించి ఒకరిని రక్షింతుము. మూడవ భాగమున ఆ రక్షింపబడిన వ్యక్తియు, ఎవరైనను సరే, మరణించును. అనగా మన ఎన్నిక కథ దారిని మార్చలేదు. కారణము గుమాస్తా లెక్కకు అందునదే. ఒక సందర్భమున రెండు దారులైన రెండు కథలు. ఐదు సందర్భములైన ముప్పదిరెండు కథలు. రెండు నెలలకొక భాగము వెలువరింపవలసినవారు అన్ని కథలు చేయజాలరు. కావున దారులను మరల ఒకచోట కలిపివేయుదురు.

దీనిని మోసమనవచ్చునా? మేము అట్లు తలంపము. జూదములో ధర్మరాజు ఓడునని తెలిసియే మనము కూత్తు చూతుము. తెలిసినందున దుఃఖము తగ్గదు. ఫలితము మారకున్నను, ఆ క్షణమున మనమేమి చేసితిమన్నదే విలువైనది. దోషము కథలో లేదు. నీ ఎన్నికను బట్టి కథయే మారునని కొనువానికి ముందుగ ఆశ చూపుటలో నున్నది. సరకు మంచిదే, బిల్లులో వ్రాసిన వివరము తప్పు.

ఇక పూర్తి గాని కథల సంగతి. వాల్వ్ అను సంస్థ ‘హాఫ్-లైఫ్ 2’ అను ప్రసిద్ధమైన ఆటకు కొనసాగింపుగా మొదటి భాగమును 2006లోను, రెండవ భాగమును 2007లోను విడుదల చేసెను. రెండవది కన్నకూతురి కన్నుల యెదుట తండ్రి మరణముతో ముగిసినది. మూడవ భాగము నేటికిని రాలేదు. ఆ కథను మరల తాకిన వేరొక ఆట 2020లో గాని రాలేదు. అయినను భాగములను విడివిడిగా కొన్నవారికి వచ్చినంతవరకే ఖర్చు.

టెల్‌టేల్ సంస్థ కథ మరింత విచారకరము. క్లెమెంటైన్ పెద్దదైన పిదప ఆమె కడపటి కథను నాలుగు భాగములుగా తలపెట్టి, 2018 ఆగస్టులో మొదటిది వెలువరించిరి. సెప్టెంబరులో, రెండవ భాగము రానున్న దినములలోనే, సంస్థ తన ఉద్యోగులలో ఇరుపదియైదుగురు తప్ప తక్కిన వారినందరిని తొలగించినది. నాలుగింటికిని ముందే సొమ్ము కట్టినవారు దిక్కుతోచక నిలిచిరి. అప్పుడు స్కైబౌండ్ అను సంస్థ ముందుకు వచ్చి, పాత ఉద్యోగులలో కొందరిని చేర్చుకొని, 2019 జనవరిలో మూడవ భాగమును, మార్చిలో నాలుగవ భాగమును పూర్తి చేయించినది.

ఈ సంగతి వినగానే మాకు ఎఱ్ఱన జ్ఞప్తికి వచ్చెను. నన్నయ భట్టారకుడు పదునొకండవ శతాబ్దమున ఆంధ్ర మహాభారతమును మొదలిడి అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన సోమయాజి పదుమూడవ శతాబ్దమున విరాటపర్వము మొదలు కడవరకు రచించెను. నడుమనున్న వెలితిని పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించి, దానిని నన్నయ ప్రభువైన రాజరాజ నరేంద్రునికే అంకితముగా నడిపెను. మొదలిడినవాని బాకీని తన బాకీగా తలచినవాడు ఎఱ్ఱన. ఆట యొక్కటే, భారతమొక్కటే యని మేము చెప్పబోము. కాని ఒకరు ఆరంభించి విడిచిన కథను, అదే బిగువుతో వేరొకరు పూర్తి చేయుట ఎంత పెద్ద ఉపకారమో రెండు చోట్లను కానవచ్చును.

ఆలస్యమెల్ల అన్యాయము గాదు. ‘కెంటకీ రూట్ జీరో’ అను ఆట ఐదు అంకములుగా 2013 జనవరిలో మొదలై 2020 జనవరిలో ముగిసినది. ఏడేండ్లు! అయినను నడుమ నడుమ చిన్న ప్రదర్శనలను ఉచితముగా ఇచ్చుచు, తాము బ్రతికియున్నామని నిర్మాతలు కొన్నవారికి తెలుపుచుండిరి. డెన్మార్కు వారి ‘హిట్‌మ్యాన్’ 2016లో పారిస్ మొదలుకొని ఊరికొక భాగముగా వెలువడినది. ఒక్కొక్క ఊరు తనంతట తాను సంపూర్ణమైన ఆట. మన కూత్తు రాత్రుల వంటిది.

మేము ఉద్యోగములో నున్నప్పుడు ఒక నియమముండెను. పని జరిగినంతకు కొలత వేసి, ఆ మేరకే బిల్లు చెల్లింపవలెను. అడ్వాన్సు ఇచ్చితిమా, అది లెక్క తీరువరకు రిజిస్టరులో ఎఱ్ఱసిరాతో నిలిచియుండును. ఆ నియమమే ఇక్కడను చెల్లును. భాగమును విడిగా కొనుడు. ఆ భాగమొక్కటే మిగిలినను ఇచ్చిన ధరకు తగునా యని చూడుడు. అన్నిటికిని కలిపి ముందు కట్టగోరినచో, కథ పూర్తియైన పిదపనే కట్టుడు. అప్పటికి ధరయు తరచుగా తగ్గును. పిల్లలు తొందరపడినచో, వారిని ఆట మానుమని గదమాయింపక ఈ లెక్కను నేర్పుడు.

ఇది వ్రాయుచు ఒక సత్యమును దాచరాదు. చందమామలో ‘యక్షపర్వతం’ వచ్చు దినములలో, మా తండ్రిగారికి జబ్బు చేసి, కడపటి కొన్ని సంచికలు మేము కొనలేకపోతిమి. ఆ కథ ఎట్లు ముగిసెనో ఐదు దశాబ్దములు మాకు తెలియదు. ఈ మాట మా మనుమనికి చెప్పగా వాడు పాత సంచికల ప్రతులను కంప్యూటరులో వెదకి తెచ్చెను. తెచ్చెనే గాని చదువలేడు. ఇంట తెలుగు మాటలాడును, బడిలో తెలుగు అక్షరములు నేర్వలేదు. కావున మేము చదువుచున్నాము, వాడు వినుచున్నాడు. అన్ని భాగములు చేతనున్నను ఆదివారమునకు ఒకటియే. నడుమ వారమంతయు వాడు ఫోనులో, “తరువాత ఏమైతాది తాతా?” అని యడుగుచునే యున్నాడు. తెలిసిననాడు చెప్పెదమని మేమును తప్పించుకొనుచున్నాము. బొమ్మల క్రింది పెద్ద అక్షరములను ఇప్పుడిప్పుడే కూడబలుకుకొని చదువ మొదలిడినాడు.

వాని ఆట మూడవ భాగము మాత్రము ఇంకను రాలేదు. పన్నెండు వందల రూపాయలు మా చిట్టాలో ఎఱ్ఱసిరాతోనే యున్నవి. ఈ వ్యాసమున పొరపాట్లున్నచో పెద్దలు మన్నింతురు గాక.