అద్దం తలుపుకు ఇంటి తెర

అద్దం తలుపుకు తెర కుట్టడం కిటికీకి కర్టెన్ కుట్టినంత సులువు కాదు. కిటికీ ఉన్నచోటే ఉంటుంది. తలుపు రోజంతా కదులుతూనే ఉంటుంది. పిడి అడ్డొస్తుంది, గాలికి గుడ్డ రెక్కల మధ్య ఇరుక్కుంటుంది, ఫ్యాన్ వేస్తే ఉబ్బుతుంది. నేలదాకా వేలాడే కుచ్చుల కర్టెనైతే పక్కకు నెట్టినా అద్దంలో మంచి భాగం దాని వెనకే ఉండిపోతుంది. వెలుతురు కోసం డబ్బు పోసి పెట్టించుకున్న తలుపు కదా అది! ఈ చిక్కులన్నీ తీర్చేది మడత తెర. దుకాణాల్లో రోమన్ బ్లైండ్ అని అమ్ముతారు. దించితే గుడ్డ అద్దం మీద సాపుగా పరుచుకుంటుంది, తాడు లాగితే అడ్డమడతలు పడుతూ పైకి చేరుతుంది. దాన్ని సొంత మిషన్ మీద, మన మగ్గం గుడ్డతో ఇంట్లోనే కుట్టుకునే ఆడవాళ్ల చేతిపనికి దక్కాల్సిన పేరు ఇంకా దక్కలేదు.

మంచి తెర టేపు దగ్గరే మొదలవుతుంది. తలుపు చట్రాన్ని పైన, నడుమ, కింద మూడుచోట్ల కొలవాలి. చట్రం లోపల బిగించే తెరకు ఆ మూడింటిలో చిన్న కొలత తీసుకుని, ఇంకో సెంటీమీటరు తగ్గించాలి. గోడమీద బిగించేదానికి అటూ ఇటూ కొన్ని సెంటీమీటర్లు కలపాలి. పక్కకు జరిగే తలుపుకు తెరను గోడకే బిగించడం మేలు, అదీ చట్రానికి ఓ జానెడు పైన. అలా బిగిస్తే పూర్తిగా ఎత్తినప్పుడు మడతల కట్ట మనిషి తలకు తగలదు. బందులమీద తిరిగే తలుపుకైతే తెర ఆ రెక్కకే అంటుకుని దాంతోపాటు తిరగాలి. పైబద్ద పలచగా ఉండాలి, కింది అంచును రెండు చిన్న కొక్కేలతో రెక్కకు పట్టించాలి, పిడి దగ్గర చెయ్యి ఆడేంత ఖాళీ వదలాలి.

తర్వాత గుడ్డ. మగ్గం గుడ్డ నీళ్లు తగలగానే కుదించుకుంటుంది. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. అడ్డంగా కోసేటప్పుడు చాక్‌పీసు గీతను నమ్మరాదు. ఒక పోగు లాగి, అది వదిలిన గీత వెంబడే కోయాలి. పేక వంకరగా ఉంటే కుట్టు ఎంత సన్నగా వేసినా తెర ఒక పక్కకు ఒరుగుతుంది. గుడ్డ పన్నా చాలక అతుకు వేయాల్సొస్తే నడిమధ్యలో వేయరాదు. నిండు పన్నా మధ్యన ఉంచి, మిగిలింది సగం చీల్చి రెండు పక్కలా కలపాలి. పనితనం తెలిసినవాళ్లు ఆ అతుకుల్ని పువ్వు పువ్వుకు, తీగ తీగకు కలిపి కుడతారు. అడుగు దూరంలో నిలబడి వెదికినా అతుకు దొరకదు. ఆ నేర్పుకు చేతులు జోడించాల్సిందే.

అసలు కిటుకు మాత్రం మడతల లెక్కలో ఉంది. 200 సెంటీమీటర్ల తెరకు 14 సెంటీమీటర్ల మడతలు కావాలనుకుందాం. గుడ్డను మడతల్లో నిలబెట్టడానికి వెనక అడ్డంగా పుల్లలు పెడతారు. పుల్లకూ పుల్లకూ మధ్య దూరం మడతకు రెట్టింపు, అంటే 28. అడుగున ఉండే ముక్క మాత్రం మడతకన్నా ఒక్క సెంటీమీటరు ఎక్కువ, 15. అక్కడ నుంచి ఆరు ఎడాలు పైకి పోతే 183 అవుతుంది. మిగిలిన 17 పైబద్ద దగ్గర మడతలు కూర్చోవడానికి. మొత్తం ఏడు పుల్లలు. అడుగు ముక్క 14 కన్నా తగ్గితే కింది అంచు మడతల వెనక దాక్కుంటుంది, మరీ పెరిగితే నాలుకలా కిందికి వేలాడుతుంది. పుల్లల గొట్టాలు పైగుడ్డ మీద కాదు, అస్తరు మీద కుట్టాలి. ఒక్కో గొట్టం 3 సెంటీమీటర్ల అస్తరు తింటుంది కనుక ఏడింటికి 21 సెంటీమీటర్లు ముందే కలిపి కోసుకోవాలి. ఈ లెక్క తప్పి చివర్లో అస్తరు చాలక తెర మొత్తం విప్పాల్సి రావడం కొత్తవాళ్లకు మామూలే.

గొట్టాల మీద తాడు దూరే రింగులు కుట్టేటప్పుడు సూది అస్తరుతోపాటు పైగుడ్డలో ఒక్క పోగును మాత్రం పట్టాలి. ముందునుంచి చూస్తే చుక్కంత కుట్టు కూడా కనబడకూడదు. మిషన్‌తో టకటకా లాగేసిన తెరకూ, కచ్చా కుట్టు వేసి సరిచూసుకుని చేత్తో ముగించిన తెరకూ తేడా ఇక్కడే బయటపడుతుంది. పైబద్దకు వెల్క్రో పట్టీ వేస్తే ఉతకడానికి తెర ఒక్క లాగుతో ఊడి వస్తుంది.

తాళ్ల సంగతి తేలిగ్గా తీసుకోరాదు. వేలాడే తాడు పసిపిల్లల మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయాయి. అందుకే అమెరికాలో 2009లో దాదాపు 5 కోట్ల రోమన్, చుట్టు తెరలను సరిచేయడానికి వెనక్కి పిలిచారు. చిన్నపిల్లలున్న ఇంట్లో తాళ్లే వద్దు. పైనుంచి రెండు జతల గుడ్డ నాడాలు కుట్టి, తెరను చేత్తో చుట్టి ముడివేసే పద్ధతి ఉంది. కుట్టడం తేలిక, చూడ్డానికీ ముచ్చట.

ఇక ఏ గుడ్డ? సాదా తెరకు మంగళగిరి నూలును మించింది లేదు. గుంట మగ్గం మీద గట్టిగా నేసిన ఒళ్లు, నిజాం అంచు. ఆ అంచును నిలువుగా పెట్టి, రెండు రెక్కల తెరలు నడుమ కలిసేచోట అంచుకు అంచు ఎదురుపడేలా కుడితే తలుపుకే జరీ కట్టినట్టుంటుంది. అస్తరు లేకుండా వెలుతురు వడకట్టుకోవాలనుకునే అదృష్టవంతులకు పొందూరు ఖద్దరు ఉండనే ఉంది. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి వడికిన నూలు అది.

అచ్చు గుడ్డ కావాలంటే మాత్రం బందరు పక్కన పెడన కలంకారీకే ఓటు. కరక్కాయ నీటిలో ముంచిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపు, పటిక పట్టించిన ఎరుపు, రంగురంగుకూ వేరే టేకు అచ్చు. చిన్న బుటాలు, తీగ జాలర్లు అడ్డమడతల్లో విరిగినా అందం చెడదు. శ్రీకాళహస్తి కలంకారీ గొప్పతనం వేరు. 1957లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. ఆ ఊరి కలానికి 2008లో జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి ద్వారా పద్మశ్రీ దక్కింది. వెదురు కలంతో ఆయన రామాయణాన్నీ భారతాన్నీ నిండు గుడ్డమీద గీసిన తీరు చూసినవాళ్లెవరూ ఆ గుడ్డను మడిచి పైకి ఎత్తాలనుకోరు. అది గోడమీద సాపుగా వేలాడాలి.

మన కోరమాండల్ తీరపు గుడ్డ ప్రపంచపు ఇళ్లలో వేలాడి నాలుగు వందల ఏళ్లయింది. 17వ శతాబ్ది కోరమాండల్ కలంకారీ తెర ఏడు పలకలుగా న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. లండన్ దినచర్య రచయిత శామ్యూల్ పీప్స్ 1663లో భార్య గదికి కట్టడానికి భారతదేశపు రంగుల గుడ్డ కొన్నాడు. మోజు ఎంత ముదిరిందంటే ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండ్ 1721 చట్టంతో ఒంటిమీదే కాదు, ఇంటి అలంకరణలోనూ వాడరాదంది. చట్టం పెట్టి ఆపాల్సి వచ్చిన పనితనం మనది.

దాన్ని ఇవాళ చంపుతున్నది నకలు! పాలిస్టర్ మీద స్క్రీన్ ప్రింటు, డిజిటల్ ప్రింటు కొట్టి కలంకారీ కర్టెన్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. తిప్పి చూస్తే వెనక తెల్లగా వెలవెలబోతుంది. అసలు అచ్చు గుడ్డలో రంగు పోగులోకి దిగి వెనకా కనిపిస్తుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా మనిషి చెయ్యి. ఇంకో పక్క రెడీమేడ్ ప్లాస్టిక్ తెరలు. ఏ తలుపు కొలతకూ సరిగ్గా అమరవు, పుల్ల విరిగితే బాగుచేసేవాడు లేడు, చెత్తకుండీకి పోతాయి. ఇంటికి లక్షలు పోసి తలుపుకు ఈ రేకు తొడగడం చూస్తుంటే కడుపు రగులుతుంది. పెడనలో అచ్చు పనివాళ్ల కూలి ఇలాగే కొట్టుకుపోతోంది.

సహజ రంగులు ఎండకు వెలుస్తాయని అమ్మకందారులు భయపెడతారు. మామూలు అద్దం గుండా అతినీలలోహిత ఎ కిరణాలు చాలావరకు లోపలికి వస్తాయన్నది నిజమే. దానికే అస్తరు. అద్దం వైపు ముఖం పెట్టి ఎండ తినేది తెల్లటి నూలు అస్తరు, గది వైపు ఉండేది కలంకారీ. అస్తరు జీర్ణిస్తే విప్పి కొత్తది వేసుకోవచ్చు, పైగుడ్డ చెక్కుచెదరదు. అయితే లోపలి తెర వేడిని పూర్తిగా ఆపలేదు. అద్దం దాటి వచ్చిన ఎండలో కొంతే తిరిగి బయటికి పోతుంది. పడమటి తలుపుకు బాల్కనీ వైపు వట్టివేరు తడిక కూడా ఉంటే మంచిది.

కుట్టు శిక్షణ కేంద్రాల్లో జాకెట్టు, లంగా, ఫ్రాకు నేర్పుతున్నారు. వాటి పక్కన మడత తెర ఎందుకు ఉండకూడదు? కొలత, మడతల లెక్క, అస్తరు, రింగు కుట్టు చేతికి వస్తే అపార్ట్‌మెంట్లున్న ప్రతి ఊళ్లో పని దొరుకుతుంది. చేనేత సహకార సంస్థలు ఆప్కో, టెస్కోలు చీర పన్నాకు మించిన వెడల్పుతో ఇంటి తెరల గుడ్డ నేయించాలి. ఉతికితే మీటరుకు ఎంత కుదించుకుంటుందో చీటీ మీద రాయాలి. తమ షోరూముల అద్దాల తలుపులకు ముందుగా పెడన గుడ్డ తెరలే కుట్టించి వేయాలి, ఎవరు కుట్టారో పేరుతో సహా.