చిక్కుముడిలోనే ప్రేరణ

ప్రేరణ ముందు కలుగుతుందని, ఆ ఊపులో రచన సాగుతుందని, ఊపు తగ్గితే కలం పక్కన పెట్టడమే మేలని స్థిరపడిపోయిన అభిప్రాయం కొత్తగా కథలు రాసేవారికి చాలా చేటు చేస్తోంది. రచనకు పురికొల్పే తొలి కదలికనే ప్రేరణ అంటారు. అది విన్న సంగతి నుంచో, చూసిన మనిషి నుంచో రావచ్చు గానీ, రచయిత చేతికి ఇచ్చేది వస్తువును మాత్రమే. ఆ వస్తువు కథగా మారడానికి కావలసిన చూపు, గొంతు, అమరిక మాత్రం రాత సాగక ఆగిపోయిన చోట, ఆ చిక్కును వదలకుండా కూర్చున్నవారికే దొరుకుతాయి.

ఫ్రెంచి నవలాకారుడు గుస్తావ్ ఫ్లోబేర్ ఇందుకు గట్టి సాక్ష్యం. 1849లో ఆయన 'సెయింట్ ఆంథొనీ ప్రలోభం' తొలి ప్రతిని లూయీ బూయే, మాక్సిమ్ దు కాం అనే ఇద్దరు మిత్రులకు రోజుల తరబడి చదివి వినిపిస్తే, దాన్ని మంటల్లో వేయడమే మంచిదని వారు తీర్పు చెప్పారు. ఆ దెబ్బ తిన్న రచయితే 1851 సెప్టెంబరులో 'మదామ్ బొవారీ' మొదలుపెట్టి, 1856 వసంతం దాకా దానితోనే గడిపాడు. ఆ నవల చిత్తుప్రతులు, అంటే కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నిండిన తొలి రాతలు, వేల పుటలు రువాన్ నగర గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఆ నవలలోని వ్యవసాయ ప్రదర్శన ఘట్టం ఒక్కటే 1853 వేసవిలో మొదలై ఆ ఏడాది చివరిదాకా ఆయనను పట్టి ఉంచింది. అధికారుల నిస్సారమైన ఉపన్యాసాలు చూపాలి. అదే సమయంలో పురపాలక భవనం పై అంతస్తులో నాయిక ఎమ్మాకు, ఆమెను వలలో వేసుకోజూసే రొడాల్ఫ్ వలపు మాటలు చెప్పాలి. ఒకటి ముగించి మరొకటి మొదలుపెడితే రెండూ చప్పబడతాయి. నెలల తరబడి తంటాలు పడిన మీదట ఫ్లోబేర్ రెండింటినీ ముక్కలు చేసి పెనవేశాడు. ఫలితంగా ఎరువులకూ పశువులకూ బహుమతులు ప్రకటించే గొంతు ప్రేమ ప్రమాణాల మధ్య పదేపదే దూరి, ఆ ప్రమాణాల డొల్లతనాన్ని రచయిత ప్రమేయం లేకుండానే బయటపెడుతుంది. నవలాకళను మార్చిన ఈ ఉపాయం ఆయనకు శుభముహూర్తంలో తట్టింది కాదు, ముందుకు సాగని ఘట్టమే దాన్ని ఆయన చేత కనిపెట్టించింది.

అయితే పట్టుదలకు రూపం ఒక్కటే కాదు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామునే లేచి, గడియారం ముందు పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసిన ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రొలోప్‌ది నియమబద్ధమైన పట్టుదల. విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన తెలుగు కథకుడు కాళీపట్నం రామారావుది ఇందుకు పూర్తిగా భిన్నం. కొన్నేళ్ల పాటు కథలు రాయకుండా ఉండిపోయిన ఆయన, ఆ విరామం తర్వాత 1966లో 'యువ' పత్రికలో అచ్చయిన 'యజ్ఞం' కథలో ఒక అప్పు తగువును తీర్చే పంచాయతీ చుట్టూ ఊరి ఆర్థిక చరిత్రనంతా అల్లారు. ఆ కథ పకడ్బందీతనం చూస్తే, కలం ఆగిన కాలంలో ఆలోచన ఆగలేదని స్పష్టమవుతుంది.

కాబట్టి రాత సాగని రోజును ప్రతిభ లేమికి గుర్తుగా తీసుకోవడం తప్పు. ఆ రోజున రచయిత వేసుకోవలసిన ప్రశ్న, తనకు ప్రేరణ ఉందా లేదా అన్నది కాదు, ఈ ఘట్టం ఎందుకు కదలడం లేదన్నది. పాత్ర కోరిక స్పష్టంగా లేదా, చెప్పే కోణం తప్పిందా, రెండు సన్నివేశాలు విడివిడిగా పడి ఉన్నాయా అని ఆరా తీస్తూ, మార్చి మార్చి రాసి చూసే ఓపిక ఉన్నవారికి ఆ చిక్కే దారి చూపుతుంది. అలా దొరికిన దారి ఆ కథకే చెందినది గనుక, దానికి అరువు తెచ్చుకున్న ఏ ఉత్సాహమూ సాటి రాదు.