నకలు గిటారు: కొలత తప్పనివ్వొద్దు

పాతకాలపు ఎలక్ట్రిక్ గిటారుకు ఇంట్లోనే నకలు చేయాలనుకునే కుర్రాళ్ళకు నేను చెప్పేది ఫెండర్ టెలీకాస్టర్. 1951లో ఆ పేరుతో వచ్చిన ఈ గిటారును రూపొందించిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియో రిపేరు షాపు నడిపిన మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. బల్లచెక్కలాంటి ఒళ్ళు, దానికి నాలుగు స్క్రూలతో బిగించిన మెడ, అంతే. ఒక వడ్రంగీ ఒక రేడియో మెకానిక్కూ కలిస్తే అయ్యే పని. అలాంటివాళ్ళు ఏలూరులోనూ ఉన్నారు, తాడేపల్లిగూడెంలోనూ ఉన్నారు.

అసలుదానికి వాడిన ఆష్, మేపుల్ కర్రల కోసం వెతుక్కోనక్కర్లేదు. టేకు చాలు, పనస చాలు. తీగ కంపనాన్ని స్పీకరుకు చేర్చేది పికప్ గనుక చెక్క మారితే వచ్చే తేడా స్వల్పమేనని నా నమ్మకం. ఆరని చెక్క మాత్రం వద్దు. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. పచ్చి కర్రతో చేసిన మెడ ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది.

బెంగ పెట్టుకోవాల్సింది కొలత గురించి. మన నూజివీడులో వీణ చేసేవాళ్ళు దండి మీద మైనం పరిచి 24 మెట్లు నిలబెడతారు. స్వరం తప్పితే మైనం వేడిచేసి మెట్టు జరుపుకోవచ్చు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు. రంపంతో గాడి కోశాక దాని మెట్టు, అంటే ఫ్రెట్, ఇక అక్కడే.

మెడ చివరనున్న నట్ నుంచి ఒంటి మీదున్న బ్రిడ్జి దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 36.37; మొదటి ఫ్రెట్ నట్‌కు అంత దూరం. మిగిలిన 611.63ను మళ్ళీ అదే అంకెతో భాగిస్తే 34.33, రెండోది మొదటిదానికి అంత దూరం. ఇలా పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. పడలేదంటే లెక్క ఎక్కడో తప్పిందన్నమాట. గుర్తులు పెట్టేటప్పుడు మాత్రం అన్నిటినీ నట్ నుంచే కొలవాలి. ఒకదాన్నుంచి ఇంకోటి కొలుచుకుంటూ పోతే వెంట్రుకవాసి తప్పులన్నీ పోగుపడతాయి.

పికప్‌కు ఓపిక కావాలి. ఆరు అయస్కాంతపు కడ్డీల చుట్టూ సన్నటి రాగితీగను వేల చుట్లు చుట్టాలి. చేపల చెరువుల మోటార్లు రివైండింగ్ చేసే షాపుల్లోని తీగ దీనికి మరీ లావు. మిల్లీమీటరులో పదహారో వంతు ఉండాలి. బిగిస్తే పుటుక్కున తెగుతుంది. వదులైతే సౌండు పెంచినప్పుడు కీచుమని కూస్తుంది. అందుకే చుట్టాక కరిగిన మైనంలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచుతారు. మైనం గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టే కరిగించాలి, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. ఇంత చేసినా దగ్గర్లో మోటారు తిరుగుతుంటే హమ్ వినిపిస్తుంది. ఒకే కాయిల్ ఉన్న పికప్ స్వభావమే అది. బ్రిడ్జికి ఎర్త్ తీగ కలిపితే కొంత తగ్గుతుంది.

ఇంత కష్టం నకలు కోసమా అనేవాళ్ళకు పాలకొల్లు బిడ్డ, మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్‌ను చూపిస్తాను. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. మాండలిన్‌కు ఉండే జంట తీగల మీద గమకం పలికించడం కష్టం. ఆయన ఒంటి తీగలు ఐదున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక సంగీతాన్ని వినిపించారు. పరాయి వాద్యంలో ఏది ఉంచాలో ఏది మార్చాలో తెలియాలంటే ముందు దాన్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకోవాలి. మొదటి గిటారును కొలతకు కొలత చేయమనేది అందుకే. రెండోదానికి ఫ్రెట్ల మధ్య చెక్కను కాస్త లోతుగా తొలిచి చూడండి. వేలు చెక్కకు ఒరుసుకోకుండా తీగను పక్కకు లాగొచ్చు, గమకం ఇంకా సులువుగా పలుకుతుంది.